గుర్రమిచ్చి కొన్న అక్షరం

ఎర్విన్ ఐరన్ కెటిల్ కొట్టుకి రెండు తలుపులు. రోడ్డు వైపు తలుపుకి గాజు పలక, దాని మీద బంగారు రంగులో అతని పేరూ, ఐరన్ కెటిల్ అన్న ఇంటిపేరూ, తెరిస్తే మోగే గంట. వెనక తలుపుకి ఇవేవీ లేవు. అది అతని మేనత్త రోసలీ వంటింట్లోకి తెరుచుకుంటుంది. కెనడా ప్రభుత్వం ఆదివాసులకి విడిచిన రిజర్వు నేల అది. ఆ రిజర్వు జనం వచ్చేది మాత్రం ఎప్పుడూ వెనక తలుపు నుంచే. ముందు రోసలీ దగ్గర టీ తాగుతారు. మాటలయ్యాక వంటింట్లోంచి కొట్టులోకి నడిచి, ఎలాగూ వచ్చాం కదా అన్నట్టు ఒక ఉన్ని కంబళో, పిండి బస్తానో, గుర్రపు పగ్గమో తీసుకుని ముందు తలుపు నుంచి బయటపడతారు. అందుకే ఆ కొట్టులో గంట ఎప్పుడూ గిరాకీ వెళ్ళిపోయేటప్పుడే మోగేది.

ఏ సరుకు ఎందుకు కదులుతుందో, ఏది బూజు పట్టి అరలోనే ఎందుకు పడి ఉంటుందో చూడగానే చెప్పగలనని ఎర్విన్‌కి గట్టి నమ్మకం. ఆ చుట్టుపక్కల బ్లాక్‌ఫుట్ తెగ వాళ్ళలో అతనంత నిలదొక్కుకున్న వ్యాపారి లేడు కూడా. అత్త పోసే టీని మాత్రం అతను మొదట్నుంచీ ఖర్చు కిందే లెక్కేసుకున్నాడు.

"అత్తా, ఆ టీ పొడి కొట్టుది. పంచదార కొట్టుది. పాలడబ్బా కూడా కొట్టుదే."

"పొడి నీది. కెటిల్ నాది" అనేది రోసలీ. అక్కడితో ఆ మాట ఆగిపోయేది.

పొయ్యి పైన గోడకి పాత బండి పలక ఒకటి మేకులతో కొట్టి ఉండేది. దాని మీద నల్లగా ఒకే ఒక్క అక్షరం. పైన కొక్కెం, కింద దానికి వేలాడే బొజ్జ. తెలియనివాడు చూస్తే గాలం అనుకుంటాడు. రిజర్వులో పసిపిల్లలకి కూడా అది కెటిల్ అక్షరమని తెలుసు. ఆ గుర్తు ఉన్న ఇంట్లో అడిగినవాడికి టీ లేదనరు.

ఆ అక్షరానికి ఒక చరిత్ర ఉంది. ఎర్విన్ దాన్ని వ్యాపార పాఠంలాగా చెప్పేవాడు. పూర్వం ఒక పాదిరి వచ్చి బ్లాక్‌ఫుట్ మాట రాయడానికి అక్షరాలు తయారుచేశాడు. వడ్రంగి పని అయ్యాక నేల మీద మిగిలిన చెక్కముక్కల్లా ఉంటాయి అవి, కోణాలూ కొక్కేలూ. వాటిని అడిగినవాడికీ అడగనివాడికీ ఊరికే పంచాడు. ఎవరి దగ్గరా గుర్రం తీసుకోలేదు, కంబళి తీసుకోలేదు, చిటికెడు పొగాకైనా తీసుకోలేదు. ఊరికే వచ్చిన సరుకుని ఎవడు జాగ్రత్త పెట్టుకుంటాడు? పాదిరి పోయాడు, ప్రార్థన పుస్తకాలు ఎలకల పాలయ్యాయి, తర్వాత వచ్చిన బడులు ఇంగ్లీషు అక్షరాలు పట్టుకొచ్చాయి. పాదిరి రాత చదవగలిగే మనిషి ఇప్పుడు రిజర్వు మొత్తంలో లేడు.

ఒక్క అక్షరం మిగిలింది. అది పాదిరి చేసింది కాదు. బ్లాక్‌ఫుట్ మాటల మధ్య గొంతులో నొక్కి పలికే శబ్దం ఒకటి ఉంటుంది, అది పాదిరి చెవికి ఎప్పుడూ అందలేదు. ఎర్విన్ ముత్తాత పాదిరి దగ్గర పనిచేసేవాడు. ఆయనకి కలలో ఒక ఇనుప కెటిల్ కొక్కేనికి వేలాడుతూ కనిపించి మాట్లాడిందట: నన్ను రాయి, నా కింద నిప్పు ఆరనివ్వకు, అడిగినవాడికి లేదనకు. లేచి ఆ నొక్కుకి గుర్తుగా బొగ్గుతో బండి పలక మీద గీశాడు. కలలో వచ్చింది కల కన్నవాడి సొత్తు. కలలో వచ్చిన బొమ్మలు వేసుకున్న గుడారాలకి తెగలో ఉన్న పద్ధతే దీనికీ. ఇంకొకడికి కావాలంటే పొగాకు పట్టుకొచ్చి అడగాలి, గుర్రమూ కంబళ్ళూ ఇవ్వాలి, ఇచ్చేవాడి చేత మొహానికి ఎర్రమన్ను పూయించుకోవాలి. దాన్ని అప్పగింత అంటారు. అప్పగింత అయ్యాక అది ఇచ్చినవాడిది కాదు. ముత్తాత నుంచి తాతకి ఒక గుర్రం ధరకి, తాత నుంచి రోసలీకి ఇంకో గుర్రం ధరకి వచ్చింది ఆ అక్షరం.

"చూశావా" అనేవాడు ఎర్విన్ ముగింపుగా. "ఊరికే పంచినవన్నీ చచ్చాయి. గుర్రమిచ్చి కొన్నది బతికింది."

ఇంత తెలిసినవాడు తను మాత్రం గుర్రం ఇవ్వలేదు. రోసలీకి పిల్లల్లేరు. "ఇక నీ వంతురా ఎర్విన్" అని ఆవిడ ఎన్నోసార్లు అంది. ఈ చలికాలం పోనీ అన్నాడు, గుర్రం ఈననీ అన్నాడు, గడ్డి ధర దిగనీ అన్నాడు. అత్త తర్వాత నాకు కాక ఎవరికి వస్తుంది? ఎలాగూ చేతికొచ్చే సరుక్కి ముందే ధర కట్టడం ఏ బేరం?

*

కొండల మీంచి వెచ్చగా వీచే షినూక్ గాలి మంచునంతా కరిగించి ముంగిట్లో బురద చేసిన రోజుల్లో టొరాంటో నుంచి హాల్వర్ నిల్సన్ వచ్చాడు. పొడుగ్గా, వంగిన మెడతో, తలుపు చిన్నదైనందుకు తనే క్షమాపణ చెప్పుకునేలా ఉంటాడు. ప్రపంచంలోని అక్షరాలన్నిటికీ కంప్యూటర్లలో చోటు కేటాయించే కమిటీలో సభ్యుడు. ఏదో మ్యూజియంలో పాత బండి ఫోటో చూసి, దాని మీద ఉన్న గుర్తు ఏమిటని వెతుక్కుంటూ వచ్చాడు.

రోసలీ టీ పోసింది. బ్యానక్ రొట్టె ముందు పెట్టింది. ఎర్విన్ కొట్టు వదిలి వచ్చి కూర్చున్నాడు. అతని చనిపోయిన భార్యకి తమ్ముడు లియోనార్డ్ అప్పటికే మూల కుర్చీలో ఉన్నాడు. అతను ఎప్పుడూ అక్కడే ఉంటాడు, టీ తాగుతాడు, ఏమీ కొనడు.

"ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇస్తాం" అన్నాడు హాల్వర్. "నంబరు ఉంటే ఏ దేశంలో ఏ ఫోన్‌లోనైనా అది కనిపిస్తుంది. పాదిరి చేసిన అక్షరాలకి ఎప్పుడో ఇచ్చేశాం. ఇదొక్కటే తప్పిపోయింది."

"అవి చదివేవాళ్ళే లేరు కదయ్యా" అన్నాడు లియోనార్డ్.

"లేకపోయినా వాటికి చోటుంది."

"బాగుంది. చదివేవాళ్ళు లేని అక్షరాలకి చోటు దొరికింది. నేను ఇల్లు కావాలని మా తెగ పాలన చూసే బ్యాండ్ ఆఫీసులో పేరు రాయించుకుని నా జుట్టు నెరిసింది. నాకూ ఒక నంబరు ఇవ్వకూడదా?"

హాల్వర్ తన ఫోన్ తీసి చూపించాడు. వాక్యం మధ్యలో కెటిల్ అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా ఒకటి ఉంది. "యంత్రానికి తెలియని అక్షరాన్ని ఇలా చూపిస్తుంది."

ఎర్విన్ ఆ ఖాళీ డబ్బాని చాలాసేపు చూశాడు. హైవే పక్కన బోర్డు పెట్టాలంటే స్థలం అద్దె, కరెంటు, వడగళ్ళకి పగిలితే కొత్త బోర్డు. ఇక్కడ ప్రపంచంలో ఉన్న ప్రతి మనిషి జేబులోనూ ఐరన్ కెటిల్ వాళ్ళ గుర్తు కూర్చుంటుంది, అద్దె లేకుండా. ఆ గుర్తు చూసినవాడు ఇదెక్కడిదని వెతుకుతాడు. వెతికితే దొరికేది తన కొట్టు. టోపీలు, కప్పులు, కంబళ్ళు. అతని కళ్ళ ముందు పార్సిళ్ళు కదిలాయి.

"ఏం చెయ్యాలి?" అన్నాడు.

హాల్వర్ షరతులు చెప్పాడు. అక్షరాన్ని జనం నిజంగా వాడుతున్నారని చూపించాలి. ఒకసారి నంబరు ఇచ్చాక ఎవరడిగినా వెనక్కి తీసుకోరు, పేరు మార్చరు. అది జరిగే పని కాదు.

రోసలీ తలూపింది. "అయితే మీ కమిటీలో మాట మీద నిలబడే పెద్దవాళ్ళున్నారన్నమాట."

"ఇంకొకటి ఉందమ్మా. అది ఏ ఒక్కరి సొంత గుర్తో, దుకాణం గుర్తో అయితే కమిటీ తీసుకోదు."

"సొంతం కాకుండా ఎలా ఉంటుంది బాబూ? అది నాది."

హాల్వర్ మెడ ఇంకొంచెం వంగింది. "మీదంటే తీసుకోరు."

"నాది కాదంటే అబద్ధం."

రోసలీ అతని కప్పులో ఇంకాస్త టీ పోసింది. ఎవరి పద్ధతి వాళ్ళకి గట్టిది. అలాంటి ఇద్దరి మధ్య బేరం కుదర్చడమే తన పని అనుకున్నాడు ఎర్విన్.

"అత్తా, అతనికి అప్పగించేయ్. పద్ధతిగా. పొగాకు, కంబళ్ళు, గుర్రం, ఎర్రమన్ను, అన్నీ. అప్పుడు నీ సొంతం కాదు. ఈయన కమిటీ మనిషి, ఈయన దగ్గరుంటే కమిటీకీ ఇబ్బంది లేదు. ఏమంటారు?"

హాల్వర్ ఆలోచించి, తన దగ్గర ఉన్నంతకాలం దాన్ని సొంత లాభానికి వాడనని రాసిస్తే కమిటీ ఒప్పుకోవచ్చన్నాడు. "కానీ నా దగ్గర గుర్రం లేదు."

"నా దగ్గర ఉంది" అన్నాడు ఎర్విన్. "కంబళ్ళూ ఉన్నాయి."

లియోనార్డ్ కప్పు కింద పెట్టాడు. "చూడు హాల్వర్, మా బావని స్వర్గానికి దారి అడిగినా ముందు చెప్పులు అమ్ముతాడు."

*

హాల్వర్ ఫోటోలు తీసుకోవడానికి బయటికి వెళ్ళాక రోసలీ ఎర్విన్‌ని కూర్చోబెట్టింది. ఆవిడ గొంతు పెంచలేదు.

"ఇది నీ వంతు. ఇప్పటికీ నీదే వంతు. ఆ బూడిదరంగు గుర్రాన్ని నాకు తెచ్చివ్వు, నీకు అప్పగిస్తాను. అతన్ని పంపించేద్దాం."

"అత్తా, నాకిస్తే కంప్యూటర్లోకి ఎక్కదు. దుకాణం గుర్తంటారు."

"ఎక్కకపోతే?"

"నీకు వ్యాపారం తెలీదు. ఇప్పుడు దీన్ని చూసేది రిజర్వు జనం. రేపు ప్రపంచం చూస్తుంది."

"ఇచ్చేస్తే ఏమవుతుందో నీకు తెలుసుగా?"

"తెలుసులే అత్తా. పిల్లాడికి చెప్పినట్టు చెప్తావేంటి."

తెలుసు. కానీ తెల్లవాడికి చేసే అప్పగింత ఒక ముచ్చటే కదా అని అతని లెక్క. సెలవుల్లో వచ్చిన యాత్రికులకి గుడారం ముందు డప్పు వాయించి చూపించినట్టు. ఫోటోలుంటాయి, విందు ఉంటుంది, అతను సంతోషంగా విమానం ఎక్కుతాడు. అక్షరం కంప్యూటర్లోనూ ఉంటుంది, ఇంట్లోనూ ఉంటుంది. పైగా గుర్రం తన ఇంటి దొడ్డిలోంచి అత్త దొడ్డిలోకి మారుతుంది. అంటే గేటు తీసి వేసినంత పని. దాని ధర మాత్రం హాల్వర్ జేబులోంచి వస్తుంది. ఇంత మంచి బేరం అతను ఎప్పుడూ చెయ్యలేదు.

రోసలీ అతని మొహం కాసేపు చూసి, "సరే" అని లేచింది.

తెగంతా గుడారాలు వేసుకునే వేసవి మకాంలో, గడ్డి మోకాలెత్తు పెరిగిన రోజుల్లో అప్పగింత జరిగింది. రోసలీ ఒక్కటీ తగ్గించలేదు. పాడాల్సినవన్నీ పాడింది. వయసు మళ్ళిన వాళ్ళందర్నీ పిలిచి సాక్ష్యం కూర్చోబెట్టింది. బెర్రీల సూప్ పోయించింది. శుద్ధి కోసం కాల్చే తీపిగడ్డి పొగకి హాల్వర్ తుమ్ముతూనే ఉన్నాడు, కానీ కదల్లేదు. ఆవిడ అతని మొహానికి ఎర్రమన్ను పూస్తూ నియమాలు చెప్పింది. నిప్పు ఆరనివ్వకు. అడిగినవాడికి లేదనకు. ఎవడు, ఎందుకు వచ్చాడని అడగకు. తక్కువకి ఎవరికీ ఇవ్వకు, అది అక్షరానికి అవమానం. హాల్వర్ ప్రతిదానికీ పెళ్ళికొడుకులా తలూపాడు. ఎర్విన్ ఫోటోలు తీశాడు.

చివర్లో రోసలీ, ఇంటి గోడ మీంచి ముందే ఊడదీయించి తెచ్చిన పలకని కంబళిలో చుట్టి హాల్వర్ చేతుల్లో పెట్టింది.

"అత్తా, పలకెందుకు?" అన్నాడు ఎర్విన్ మెల్లిగా. "ఫోటో ఇచ్చాంగా."

"అతనిది అతనికి ఇవ్వకపోతే దొంగతనం" అంది ఆవిడ.

*

మర్నాడు పొద్దున లియోనార్డ్ వెనక తలుపు తోసుకుని వచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు. పొయ్యి చల్లగా ఉంది. రోసలీ కిటికీ దగ్గర కూర్చుని చెప్పుకి పూసలు కుట్టుకుంటోంది.

"ఓకి, పెద్దమ్మా" అని తమ భాషలో పలకరించాడు. "టీ?"

"లేదు."

"పొడి అయిపోయిందా? ఉండు, మా బావ అరలోంచి తెస్తా."

"పొడి ఉంది. హక్కు లేదు. టీ కావాలంటే హాల్వర్ దగ్గరికి వెళ్ళు."

"టొరాంటోకా?"

"అక్కడెక్కడో పదో అంతస్తులో ఉంటాడట. లిఫ్ట్ ఉందట."

ఇదంతా కొట్టులోంచి వింటున్న ఎర్విన్ నవ్వుతూ లోపలికి వచ్చాడు. అత్త నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. పొయ్యి పైన, పొగ పట్టి నల్లబడిన గోడ మీద పలక ఉన్న చోట తెల్లటి నలుచదరం ఉంది. హాల్వర్ ఫోన్‌లో చూసిన ఖాళీ డబ్బాలాగే.

ఆ రోజు వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. తర్వాతి వారం తక్కువమంది వచ్చారు. ఆ నెల గడిచేసరికి వెనక తలుపు తెరిచేది గాలి ఒక్కటే. ఎర్విన్ ఊరుకునే రకం కాదు. కొట్టులోనే స్టీలు పాత్ర ఒకటి పెట్టి, కాగితపు కప్పులు పేర్చి, తనే టీ పోయడం మొదలుపెట్టాడు. పైసా తీసుకోలేదు. జనం ముందు తలుపు నుంచి వచ్చి, మర్యాదకి ఒక గుక్క తాగి, ఏదో పని ఉన్నట్టు వెళ్ళిపోయారు.

"నా టీలో ఏం లోపం?" అని అడిగాడు లియోనార్డ్‌ని.

"లోపమేం లేదు బావా. రోసలీ పెద్దమ్మ పోస్తే ఆవిడకి అది తప్పదని మాకు తెలుసు, ధీమాగా తాగుతాం. నువ్వు పోస్తుంటే మేం ఏం కొనాలా అని గుండె దడ."

లియోనార్డ్ ఇప్పుడు పెట్రోలు బంకులో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అందరూ అక్కడే. బంకువాడు కంబళ్ళు కూడా పెట్టాడని తెలిసింది. నాసిరకం కంబళ్ళు, ఉతికితే పీలికలయ్యేవి. అవే కొంటున్నారు.

అప్పుడు ఎర్విన్ తన కొట్టుని మొదటిసారి సరిగ్గా లెక్క కట్టాడు. ఇన్నాళ్ళూ టీ ఖర్చనీ, కంబళి వ్యాపారమనీ అనుకున్నాడు. జనం కంబళి కోసం రాలేదు. టీ కోసం వచ్చి, ఊరికే తాగామన్న మొహమాటం తీర్చుకోవడానికి కంబళి కొన్నారు. తను అమ్ముకుంటూ వచ్చింది ఆ మొహమాటాన్ని. దాని మూలధనం గోడకి మేకులతో కొట్టి ఉండేది. దాన్ని కంబళిలో చుట్టి, కంబళి లాభం తను తీసుకుని, విమానం ఎక్కించాడు.

అయినా ఒక ఆశ మిగిలి ఉంది. కమిటీ.

కమిటీ తొందరపడే కమిటీ కాదు. రెండు చలికాలాలు గడిచాయి. అరలు పలచబడ్డాయి, కొత్త సరుకు తెచ్చే ధైర్యం లేక ఉన్నదాన్నే ముందుకి జరిపి నిండుగా కనిపించేలా పేర్చాడు. కాల్గరీలో టోపీలకి మాత్రం ఆర్డరిచ్చాడు. నల్ల టోపీలు, నుదుటి మీద ఎర్రదారంతో కెటిల్ అక్షరం. పెట్టెలు వచ్చాయి. వాటిని విప్పకుండా గోడ వారగా పెట్టి కూర్చున్నాడు. అక్షరం ఫోన్లలోకి వచ్చిన రోజున విప్పాలని.

ఆ రోజు వచ్చింది. ఫోన్ తనంతట తను కొత్తదనం తెచ్చుకుని, ఆరి, వెలిగింది. ఎర్విన్ వెతికి నొక్కాడు. కొక్కెం, దాని కింద బొజ్జ. ముత్తాత బొగ్గుతో గీసిన గీత గాజు మీద మెరిసింది. కొట్టులోంచి వంటింట్లోకి పరిగెత్తాడు.

"అత్తా, చూడు!"

రోసలీ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడ పెదవి కొంచెం కదిలింది. తర్వాత ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ, "బాగా వచ్చింది. ఇక తుడిచెయ్" అంది.

"ఎందుకు?"

"నీది కాదు."

"ప్రపంచమంతా రాస్తోంది అత్తా!"

"వాళ్ళకి తెలీదు. నీకు తెలుసు."

ఎర్విన్ విసురుగా కొట్టులోకి పోయి పెట్టె చింపి ఒక టోపీ తీశాడు. పెట్టుకుందామని తల దాకా ఎత్తాడు. చెయ్యి అక్కడే ఆగింది. ఇంకో చేత్తో నొక్కుకుని పెట్టుకోవాల్సిందే తప్ప అది తలమీదికి దిగేలా లేదు. తెల్లవాడికి చేసిన ముచ్చట అనుకున్నాడు గానీ, అత్త పాడినవి అసలు పాటలు, పూసింది అసలు మన్ను. అది అతనికి ఎప్పుడూ తెలుసు. ఇంతకాలం తెలిసినదాన్ని లెక్కలోకి రానివ్వలేదంతే. టోపీ మళ్ళీ పెట్టెలో పెట్టాడు.

ప్రపంచం మాత్రం ఆ అక్షరాన్ని బాగానే వాడుకుంది. చేపలు పట్టేవాళ్ళు గాలం గుర్తుగా పెట్టుకున్నారు. కుర్రకారు ఆవలింతకి వాడారు. ఎక్కడో దుస్తుల కంపెనీ దాన్ని కోటు తగిలించే కొక్కెం అనుకుంది. ఇది ఎక్కడిదని వెతికినవాడు, ఎర్విన్‌కి తెలిసినంతలో, ఒక్కడూ లేడు. పార్సిళ్ళు కదల్లేదు.

*

హాల్వర్‌కి ఫోన్ చేశాడు. అవతల గిన్నెల చప్పుడు, చాలామంది మాటలు.

"విందేమైనా జరుగుతోందా?"

"లేదు, మామూలే" అన్నాడు హాల్వర్ అలిసిన గొంతుతో. "టీ. ఒకసారి పార్సిల్ అబ్బాయి దాహం అంటే ఇచ్చాను. అతను మిగతా పార్సిల్ వాళ్ళకి చెప్పాడు. ఓట్లడగడానికి వచ్చినవాళ్ళు ఒక పార్టీ అయ్యాక ఇంకో పార్టీ కూర్చుంటున్నారు. కింది అంతస్తు ముసలాయన మా మీద పోలీసులకి ఫిర్యాదు చేశాడు. చూడ్డానికి వచ్చిన పోలీసులు టీ అడిగారు. అడిగినవాడికి లేదనకూడదు కదా."

"మీరు... నిజంగా పాటిస్తున్నారా?"

"మొహానికి ఎర్రమన్ను పూయించుకున్నాను కదా ఎర్విన్" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు. "నా భార్య మాత్రం ఈ మధ్య వాళ్ళ చెల్లెలింట్లో ఉంటోంది."

ఎర్విన్ అసలు విషయానికి వచ్చాడు. "అది నాకు అప్పగిస్తారా?"

"సంతోషంగా. కానీ తక్కువకి ఇవ్వకూడదని రోసలీ అమ్మ చెప్పింది. నేను ఇచ్చినదానికి తగ్గకూడదు. గుర్రం, కంబళ్ళు."

"పదో అంతస్తులో గుర్రాన్ని ఏం చేసుకుంటారండీ?"

"అది నేనూ ఆలోచించాను. అప్పగింత జరిపించే పెద్దకి ఏదైనా ఇవ్వాలట కదా? అమ్మకే ఇచ్చేస్తాను."

"కమిటీ ఏమంటుంది? ఒకరి సొంతం కాకూడదన్నారు."

"కమిటీ దగ్గరున్నది నంబరు. దాన్ని ఇక ఎవరూ కదిపేది లేదు. అక్షరం నా గోడ మీద ఉంది."

ఎర్విన్ ఫోన్ పెట్టేసి దొడ్డి కేసి చూశాడు. ఆ ఎదురుగా, కంచెకి అవతల, అత్త దొడ్డిలో బూడిదరంగు గుర్రం ఎండలో నిలబడి తోక ఊపుతోంది. అప్పగింతకి తగిన గుర్రం చుట్టుపక్కల అదొక్కటే. అత్త దగ్గరికి వెళ్ళాడు, చేతులు వెనక్కి పెట్టుకుని.

"ఆ గుర్రం నాకు కావాలి అత్తా."

"దేనికి?" అంది రోసలీ, తెలియనట్టు.

"హాల్వర్‌కి ఇవ్వడానికి."

"అతను మళ్ళీ నాకే ఇస్తాడుగా?"

"ఇస్తాడు."

"మంచి గుర్రం. గేటు తీసి వేస్తేనే ఎన్ని బేరాలు చేస్తోందో చూడు." సూదిలో పూస ఎక్కించింది. "అతని దగ్గర నువ్వెంత తీసుకున్నావో నాకు తెలుసు. దానికి రెట్టింపు ఇయ్యి."

"రెట్టింపా! గుర్రం ముసలిదైంది అత్తా."

"దానికి ఇప్పుడు బుద్ధొచ్చింది. నీకూ వచ్చింది. రెండూ కలిపి చెప్పాను ధర."

ఎర్విన్ జీవితంలో మొదటిసారి బేరం ఆడకుండా ఒప్పుకున్నాడు. కాల్గరీ టోపీలని అక్షరం విప్పించి ఉత్త నల్లటోపీలుగా పశువుల సంతలో అమ్మేశాడు. విప్పిన కుట్టు చిల్లులు వాటి మీద అలాగే కనిపించాయి. తన మంచి జీనుని కూడా అమ్మాడు. ఆ జీను కొన్నది బంకువాడు. అది ఎర్విన్‌కి గుర్రం కంటే బరువనిపించింది.

ఈసారి ఫోటోలు తీసినవాడు లియోనార్డ్. హాల్వర్ పలకని అదే కంబళిలో చుట్టి తెచ్చాడు. చిక్కిపోయాడు గానీ టీ పోసే చెయ్యి తిరిగింది. ఎర్విన్ పొగాకు పట్టుకుని, అందరి ముందూ, నాకది కావాలి అని అడిగాడు. అంత పెద్ద వ్యాపారి ఒక్క మాట అడగడానికి అంతసేపు తడబడటం ముసలివాళ్ళకి నచ్చింది. రోసలీ అతని మొహానికి మన్ను పూస్తూ నియమాలన్నీ మొదట్నుంచీ చెప్పింది. తెలుసులే అత్తా అని అతను అనలేదు.

గుర్రం గేటు దాటి అటు వెళ్ళి ఇటు వచ్చింది.

పలక కొట్టు వైపు గోడకి కొట్టాలా, వంటింటి గోడకా అని ఎర్విన్ ఒక పూట ఆలోచించాడు. కొట్టు గోడకైతే రోడ్డు మీద పోయేవాళ్ళకి గాజులోంచి కనిపిస్తుంది. చివరికి పాత మేకుల చిల్లుల్లోనే కొట్టాడు. తెల్ల నలుచదరం మూసుకుపోయింది.

మర్నాడు పొద్దునే వెనక తలుపు తెరుచుకుంది.

"ఓకి, బావా" అన్నాడు లియోనార్డ్, మూల కుర్చీలో కూర్చుంటూ. "టీ."

ఎర్విన్ పోశాడు. లియోనార్డ్ తాగి కప్పు చాచాడు. మళ్ళీ పోశాడు. మళ్ళీ చాచాడు.

"కంబళ్ళు కొత్తవి వచ్చాయి" అన్నాడు ఎర్విన్ ఉండబట్టలేక.

"ఎవడు, ఎందుకు వచ్చాడని అడగకూడదు కదా? సాక్ష్యం కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నా." కప్పు ఇంకా చాచే ఉంది. "పంచదార తగ్గింది."

ఎండలు ముదిరేసరికి జనం తిరిగి రావడం మొదలైంది. అందరూ రాలేదు. బంకు కాఫీకి అలవాటు పడ్డవాళ్ళు కొందరు అక్కడే ఉండిపోయారు. వచ్చినవాళ్ళు తాగారు, మాట్లాడారు, కొందరు వంటింట్లోంచి కొట్టులోకి నడిచారు. గంట మోగింది. టీని ఏ లెక్కలో పెట్టాలో ఎర్విన్‌కి ఇంకా తేలలేదు. రోసలీ ఇప్పుడు కుర్చీలో అతిథిలా కూర్చుని, నీళ్ళు సరిగా మరగలేదని వంకలు పెడుతుంది.

ఒకరోజు హాల్వర్ నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. భార్య ఇంటికి తిరిగొచ్చిందని, టీ ఆగిపోయినందుకు పార్సిల్ అబ్బాయిలకి ఇంకా బాధగానే ఉందని రాశాడు. చివర్లో: "మీ ఇంట్లో □ ఎలా ఉంది?"

"ఇదేంటి, మళ్ళీ ఖాళీ డబ్బా!" అన్నాడు ఎర్విన్. "ఫోన్ పాడైనట్టుంది." వెతికి అక్షరం నొక్కి చూశాడు. కొక్కెం, బొజ్జ, చక్కగా వచ్చింది. ఫోన్‌లో లోపం లేదు. హాల్వర్ పంపిందే ఖాళీ డబ్బా.

రోసలీ ఫోన్ అందుకుని చూసింది. ప్రపంచం మొత్తానికి ఆ అక్షరాన్ని రాసే వీలు కల్పించిన మనిషి, అప్పగించాను కాబట్టి తను రాయకూడదని, దాని చోటు ఖాళీగా వదిలాడు.

"పెద్దమనిషి" అంది ఆవిడ.

ఎర్విన్ జవాబు రాయడానికి కూర్చున్నాడు. రాసే హక్కు ఇప్పుడు అతనికే ఉంది. అక్షరం నొక్కాడు, చూసుకున్నాడు, ఆ పక్కన ఏం రాయాలా అని ఆలోచించేలోగా పొయ్యి మీద నీళ్ళు పొంగి నిప్పు మీద చిందాయి.

"బావా, కెటిల్!" అని మూలనుంచి అరిచాడు లియోనార్డ్, కుర్చీలోంచి లేవకుండా.